బిల్లులో వచ్చిన డబ్బంతా మనది కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయన ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తారు. ప్రభుత్వ భవనాల్లో వైరింగు, వీధి దీపాలు, మధ్యమధ్యలో తిరుచానూరు, రేణిగుంట వైపు అపార్టుమెంట్ల పనులు. లెక్కలు నేను చూసుకుంటాను. నేను చదివింది బీఏ, కామర్స్ కాదు. పన్నుల గురించి నాకు తెలిసిందంతా దెబ్బలు తిని నేర్చుకున్నదే, అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా వేసుకోమని అడుగుతున్నాను.

బడ్జెట్ వచ్చిన మరుసటి రోజు పేపర్లలో పేజీల నిండా స్లాబులు వేస్తారు. జీతం ఇంత ఉంటే పన్ను ఇంత, పాత విధానంలో ఎంత, కొత్త విధానంలో ఎంత, గళ్లు గీసి మరీ చూపిస్తారు. మంచిదే. కానీ మా వీధిలో నెల జీతగాళ్లు ఎంతమంది? పెయింటింగ్ కాంట్రాక్టు చేసేవాళ్లు, సెంట్రింగ్ వాళ్లు, ఆటోనగర్లో వెల్డింగ్ షెడ్డు పెట్టుకున్నవాళ్లు, కొండకు వచ్చే యాత్రికులకు కార్లు తిప్పేవాళ్లు, వీళ్లే ఎక్కువ. వాళ్లకు పనికొచ్చే ముక్క ఆ పేజీల్లో ఉండదు, ఉన్న ముక్క వాళ్లకు తప్పుగా అర్థమవుతోంది. పోయిన నెల మా పక్కవీధి అమ్మాయి వచ్చింది, వాళ్లాయన బిల్డర్ల దగ్గర పెయింటింగ్ పనులు పట్టుకుంటాడు. "అక్కా, పన్నెండు లక్షల దాకా పన్ను లేదంట కదా, ఇంక మేం రిటర్ను వేసే పని లేదు కదా" అంది. ఎంత సంతోషంగా అడిగిందో! ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడ అందరికీ చెబుతున్నాను.

12 లక్షలు అన్నది ఆదాయం. బిల్లుల మొత్తం కాదు, బ్యాంకులో పడిన డబ్బు కాదు, ఖర్చులన్నీ పోగా మిగిలింది. పైగా పన్ను లేకపోవడం వేరు, రిటర్ను (ఆదాయం, పన్ను లెక్క ప్రభుత్వానికి చూపే పత్రం) వేయకపోవడం వేరు. కొత్త విధానంలో 2025-26 నుంచి ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాలి. పన్ను లెక్క కట్టి, దానికి రిబేటు, అంటే పన్నులో తగ్గింపు ఇచ్చి, సున్నా చేస్తారు. రిటర్ను వేస్తేనే ఆ సున్నా. ఇక జీఎస్టీకి ఈ 12 లక్షలతో సంబంధమే లేదు. అది వేరే చట్టం, వేరే ఆఫీసు, వేరే లెక్క, అక్కడ చూసేది లాభం కాదు, టర్నోవరు, అంటే ఏడాదిలో చేసిన మొత్తం వ్యాపారం. ఏడాదంతా నష్టం వచ్చినా జీఎస్టీ కట్టాల్సి రావచ్చు. ఈ రెండిటినీ కలిపి "ట్యాక్స్" అని ఒకే మాటతో పిలవడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతుందని నాకు అనిపిస్తుంది.

ఆ అమ్మాయి దగ్గర ఇంకో సంగతి బయటపడింది. వాళ్లాయన పోయిన ఏడాది చేసిన పని దాదాపు 17 లక్షలు. బిల్డరు కంపెనీలు బిల్లు ఇచ్చేటప్పుడు 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకుని మన పేరు మీద ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకున్నాయి, అంటే 17,000. ఆ డబ్బు వాళ్ల పాన్ నంబరు మీద ప్రభుత్వం దగ్గర జమ అయి ఉంది. ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్లో 26ఏఎస్ (మన పాన్ మీద జమ అయిన పన్నుల పట్టిక) తీసి చూపిస్తే ఆ అమ్మాయి నమ్మలేదు, "వాళ్లు కమీషన్ కింద పట్టుకున్నారేమో అనుకున్నాం అక్కా" అంది. కమీషన్ కాదు, అది వాళ్ల డబ్బే. రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది. వేయకపోతే అక్కడే ఉంటుంది, గడువులన్నీ దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్నులో రీఫండ్ అడగడానికి వీలు కూడా ఉండదు. అంతకుముందు రెండేళ్లు వాళ్లు ఏమీ వేయలేదు. ఆ రెండేళ్ల డబ్బు గురించి ఆమెకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

కాంట్రాక్టు పనుల మీద ఈ టీడీఎస్ వ్యక్తులకు 1 శాతం, కంపెనీలకు 2 శాతం, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా పట్టుకుంటారు. ఇన్నేళ్లూ దీన్ని 194సీ సెక్షన్ అన్నాం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి, పాత నంబరు చెప్పి ఎవరైనా భయపెడితే కంగారు పడకండి, విషయం అదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బిల్లు వచ్చినప్పుడు అందులో మనది ఎంత? ఇది తెలియకే మేం మునిగాం, చాలామంది మునుగుతున్నారు. మా పనుల్లాంటిదే ఒక లెక్క వేసి చూపిస్తాను, అంకెలు గుండ్రంగా తీసుకున్నాను. పని విలువ 6,00,000. దాని మీద జీఎస్టీ 18 శాతం, 1,08,000. బిల్లు మొత్తం 7,08,000. ప్రభుత్వ పని కాబట్టి, కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటింది కాబట్టి, జీఎస్టీ టీడీఎస్ 2 శాతం అంటే 12,000 పట్టుకుంటారు. ఇన్‌కం ట్యాక్స్ టీడీఎస్ 6,000. కార్మికుల సంక్షేమ సెస్సు 1 శాతం, ఇంకో 6,000. అగ్రిమెంటు ప్రకారం 5 శాతం రిటెన్షన్ (పనికి హామీగా కొంతకాలం ఆపి ఉంచే డబ్బు) ఆపుతారనుకుందాం, 30,000. అన్నీ పోగా అకౌంట్లో పడేది 6,54,000.

ఫోన్లో ఆ మెసేజ్ చూసినప్పుడు కలిగే సంతోషం ఎంతటిదో కాంట్రాక్టర్ల ఇళ్లలో వాళ్లకే తెలుసు. మూడు నెలలు ఎం-బుక్కు (పని కొలతలు రాసే పుస్తకం) రాయించుకోవడానికి, చెక్ మెజర్‌మెంట్‌కు, సంతకాలకు తిరిగి తిరిగి వచ్చిన డబ్బు. ఇప్పుడు ఖర్చులు తీయండి. వైర్లు, పైపులు, స్విచ్చులు 3,00,000, వాటి మీద జీఎస్టీ 54,000. కూలీలకు, మేస్త్రీకి 2,10,000. బండి అద్దె, నిచ్చెనలు, చిల్లర ఖర్చులు 30,000. మొత్తం 5,94,000. చేతిలో మిగిలింది 60,000. బాగానే ఉంది అనిపిస్తుంది కదా, ఆరు లక్షల పనికి పది శాతం.

ఆ 60,000లో 42,000 మనవి కావు. మనం వసూలు చేసిన జీఎస్టీ 1,08,000. షాపులో మనం కట్టిన 54,000 ఇన్‌పుట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి వచ్చే తగ్గింపు) కింద తీసేస్తే ఇంకా 54,000. అందులో డిపార్టుమెంటు ముందే పట్టుకున్న 12,000 తీసేస్తే 42,000. అది తర్వాతి నెల 20వ తేదీలోగా కట్టాలి. అంటే నిజంగా చేతిలో ఉండేది 18,000. మిగతాది ఎక్కడుంది? 30,000 రిటెన్షన్లో ఉంది, అది గడువు తీరాక వస్తుంది. 6,000 ఇన్‌కం ట్యాక్స్ దగ్గర ఉంది, రిటర్ను వేస్తే లెక్కలోకి వస్తుంది. ఇంకో 6,000 సెస్సుకు పోయింది, అది రాదు. 18, 30, 6, 6 కూడితే 60. లెక్క ఎక్కడా తప్పలేదు, డబ్బు మాత్రం ఇప్పుడు మన దగ్గర లేదు. ఈ లెక్క తెలియని మనిషి 60,000 ఉందనుకుని పండక్కి బట్టలు, పిల్లల ఫీజు, పాత అప్పు, లేదా తర్వాతి పనికి కేబుల్ కొనేస్తాడు. 20వ తేదీ వస్తుంది. తర్వాతి బిల్లు వస్తే కడదాంలే అంటాడు.

మేం అలాగే అన్నాం. అది 2022. ఏప్రిల్ నుంచి మా రిటర్నులు ఆగిపోయాయి. మా పెద్దమ్మాయి కాలేజీ ఫీజు, ఒక పనికి ముందుగా కొన్న కేబుల్, రెండూ ఒకేసారి మీద పడ్డాయి, జీఎస్టీ డబ్బు అందులోకి పోయింది. పన్ను కట్టకుండా జీఎస్టీఆర్-3బి, అంటే జీఎస్టీ కట్టి వేసే రిటర్ను, వేయడానికి సిస్టం ఒప్పుకోదు. అప్పట్లో మా లెక్కలు ఒక ట్యాక్స్ కన్సల్టెంటు చూసేవారు, మనవాళ్లం అందరం వాళ్లను ఆడిటర్ గారు అనే పిలుస్తాం, "డబ్బు కట్టండమ్మా, అప్పుడు వేస్తా" అని ఒకసారి చెప్పి ఊరుకున్నారు. వరసగా ఆరు నెలలు రిటర్ను వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం డిపార్టుమెంటుకు ఉందని మాకు తెలియదు. నోటీసు వచ్చిందా అంటే వచ్చింది. మాకు రాలేదు. రిజిస్ట్రేషన్ చేసిన రోజు ఆ కన్సల్టెంటు తన సొంత ఫోన్ నంబరు, సొంత ఈమెయిలు ఇచ్చారు. నోటీసు అక్కడికి పోయింది, రద్దు ఆర్డరు కూడా అక్కడికే పోయింది. అంతలో ఆయన ఊరు మారారు, ఆ నంబరు పని చేయడం లేదు.

2023 జనవరిలో ఒక పని పూర్తయి బిల్లు పెట్టడానికి పోతే, ఆఫీసులో గుమాస్తా కంప్యూటరు చూసి "మీ జీఎస్టీ క్యాన్సిల్ అయింది కదా సార్" అన్నాడు. మా ఆయన ఇంటికి వచ్చి ఆ మాట నాకు చెప్పడానికి రాత్రి దాకా పట్టింది. డిసెంబరులోనే ఆర్డరు వేశారు. తిరిగి తెరిపించమని అడగడానికి అప్పట్లో ఉన్న 30 రోజుల గడువు అప్పటికే దాటిపోయింది. ఆ ఏడాది మార్చి 31న ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చి, 2022 డిసెంబరు 31 లోపు రద్దయిన వాళ్లు జూన్ 30 లోగా బకాయిలన్నీ కట్టి మళ్లీ అడగవచ్చని చెప్పింది, తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. ఆ సంగతి కూడా మాకు ఏ పేపరులోనూ కనపడలేదు, చిత్తూరులో ఉన్న మా తమ్ముడి స్నేహితుడు ఫోన్ చేసి చెబితే తెలిసింది. నా గాజులు బ్యాంకులో పెట్టి పన్ను, వడ్డీ, ఫీజు అన్నీ కట్టాం. లేటు ఫీజు రోజుకు 50 చొప్పున పెరిగినా మాలాంటి టర్నోవర్ వాళ్లకు ఒక్కో రిటర్నుకు 2,000 దగ్గర ఆగుతుంది, దాన్ని తట్టుకోవచ్చు. వడ్డీ ఏడాదికి 18 శాతం. అన్నిటికన్నా పెద్ద దెబ్బ, ఆ ఐదారు నెలలు మా బిల్లు ఆగిపోవడం, కొత్త టెండరు వేయలేకపోవడం, పనివాళ్లు వేరే చోటికి వెళ్లిపోవడం. ఇప్పుడు తిరిగి తెరిపించుకోవడానికి రద్దు ఆర్డరు అందిన నాటి నుంచి 90 రోజులు ఇస్తున్నారు, కారణం చూపితే ఇంకొంత గడువు కూడా. కానీ ఆర్డరు వచ్చిన సంగతే తెలియని మనిషికి 90 రోజులు ఇచ్చినా ఒకటే, 900 రోజులు ఇచ్చినా ఒకటే.

అందుకని ఇది చదివే ప్రతి కాంట్రాక్టరు, ప్రతి షాపు యజమాని ఈ రోజే ఒక పని చేయండి. జీఎస్టీ పోర్టల్లో, ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్లో మీ పేరు మీద ఉన్న ఫోన్ నంబరు ఎవరిది, ఈమెయిలు ఎవరిది చూసుకోండి. మీది కాకపోతే మార్పించండి. పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండాలి. ఆడిటర్ గారిని అనుమానించమని నేను అనడం లేదు, నిజాయితీగా పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇప్పుడు మాకు చూసే ఆయన అలాంటి మనిషే. కానీ ఎంత మంచివాళ్లకైనా ఇంటికి ఉన్న ఒక్క తాళంచెవీ ఇచ్చేసి మనం బయట నిలబడం కదా.

బిల్లు లేకుండా సరుకు కొనడం గురించి కూడా చెప్పాలి, మన ఊళ్లో ఇది బాగా అలవాటు. షాపులో "బిల్లు వద్దంటే తగ్గిస్తా" అంటారు. పైన చెప్పిన లెక్కలో 3,54,000 సరుకును బిల్లు లేకుండా 3,36,000కు ఇచ్చాడనుకోండి. 18,000 మిగిలిందని సంబరం. 20వ తేదీ వచ్చేసరికి ఇన్‌పుట్ లేదు, కాబట్టి 1,08,000లో టీడీఎస్ 12,000 పోను 96,000 కట్టాలి. చేతిలో ఉన్నది 78,000. మన జేబులోంచి 18,000 వేయాలి. బిల్లుతో కొని ఉంటే 18,000 మిగిలేది, లేకుండా కొన్నందుకు 18,000 పోయింది. ఇంకోటి, బిల్లు ఇచ్చినా ఆ షాపు వాడు తన జీఎస్టీఆర్-1లో, అంటే అమ్మకాల రిటర్నులో, దాన్ని చూపించకపోతే మనకు ఇన్‌పుట్ రాదు. నెలనెలా పోర్టల్లో 2బి (అమ్మినవాళ్లు మన పేరు మీద ఎక్కించిన బిల్లుల పట్టిక) తీసి మన దగ్గరున్న బిల్లులతో ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. నేను ప్రతి నెలా 15వ తేదీ ఆ పని చేస్తాను, గంట పడుతుంది. ఒక బిల్లు కనపడకపోతే ఆ షాపుకు ఫోన్ చేసి అడుగుతాను, "ఈ నెలలో ఎక్కించకపోతే మీ దగ్గర కొనం అన్నా" అని చెబుతాను. మొదట్లో మొహమాటపడేదాన్ని. ఇప్పుడు వాళ్లే ముందుగా ఫోన్ చేసి ఎక్కించామమ్మా అంటున్నారు.

జీఎస్టీ టీడీఎస్ కింద పట్టుకున్న 2 శాతం దానంతట అది మన లెక్కలో పడదు. పోర్టల్లోకి పోయి దాన్ని మనం అంగీకరించాలి, అప్పుడే మన క్యాష్ లెడ్జరులోకి, అంటే పన్ను కట్టడానికి వాడుకునే ఖాతాలోకి వస్తుంది. ఇది తెలియక ఏళ్ల తరబడి వదిలేసినవాళ్లను నేను చూశాను.

రిజిస్ట్రేషన్ ఎప్పుడు తీసుకోవాలి అన్నదాని మీద కూడా తప్పుడు మాట ఒకటి తిరుగుతోంది. "40 లక్షల దాకా అక్కర్లేదు" అంటారు. మన రాష్ట్రంలో అది సరుకు అమ్మేవాళ్లకు. పని చేసిపెట్టేవాళ్లకు, అంటే వైరింగు, పెయింటింగు, సివిల్ కాంట్రాక్టు, వీళ్లకు 20 లక్షలే. పెయింటు మనమే కొని వేసినా అది వర్క్స్ కాంట్రాక్టు, సేవ కిందే లెక్క. 17 లక్షల దగ్గర ఉన్న మా పక్కవీధి అమ్మాయికి అందుకే చెప్పాను, ఈ ఏడాది ప్రతి నెలా కూడుకుంటూ రండి, 20 దాటబోతుంటే ముందే తీసుకోండి అని. 50 లక్షల లోపు పనులు చేసేవాళ్లకు 6 శాతం కట్టే కాంపోజిషన్ అనే సులువు పద్ధతి ఉంది, రాసే పని తక్కువ, కానీ ఆ పన్ను కస్టమరు దగ్గర వసూలు చేయకూడదు, ఇన్‌పుట్ రాదు, పక్క రాష్ట్రంలో పని చేయకూడదు. చిత్తూరు, పలమనేరు, నగరి వైపు వాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, వాళ్లకు వేలూరు, కోలారు పనులు వస్తూనే ఉంటాయి.

ఇన్‌కం ట్యాక్సులో చిన్నవాళ్లకు మంచి సౌకర్యం ఒకటి ఉంది, 44ఏడీ అని అలవాటైన పేరు. ఏడాది టర్నోవర్ 2 కోట్ల లోపు ఉన్న వ్యక్తులు, భాగస్వామ్య సంస్థలు, బ్యాంకు ద్వారా వచ్చిన దాని మీద 6 శాతం, నగదు మీద 8 శాతం ఆదాయంగా చూపితే పూర్తి పుస్తకాలు, ఆడిట్ అక్కర్లేదు. నగదు 5 శాతం మించకపోతే ఆ 2 కోట్లు 3 కోట్లు అవుతుంది. దీన్ని మనవాళ్లు "ఆరు శాతం చూపిస్తే చాలు" అని చెప్పుకుంటారు. అది కనీసం మాత్రమే. నిజంగా పది శాతం మిగిలితే పది చూపాలి. 60 లక్షల పని చేసి పది శాతం మిగిలినా ఆదాయం 6 లక్షలే, రిబేటుతో పన్ను సున్నానే, మరి తక్కువ చూపించడం ఎందుకు? రేపు ఇంటి లోనుకో, మెషినరీ లోనుకో పోయినప్పుడు బ్యాంకు వాళ్లు మొదట అడిగేది గత మూడేళ్ల రిటర్నులే. అక్కడ తక్కువ చూపించి, ఇక్కడ ఎక్కువ సంపాదిస్తున్నానని చెబితే నమ్మరు.

పుస్తకాలు అక్కర్లేదు అంటే రాసుకోవద్దని కాదు. మా నాన్నకు శ్రీకాళహస్తిలో చిన్న కిరాణా కొట్టు ఉండేది. రాత్రి కొట్టు కట్టేశాక చిట్టా రాయనిదే ఆయన భోజనానికి కూర్చునేవాడు కాదు, ఆదివారం చిట్టాలోంచి ఆవర్జాకు, అంటే మనిషివారీ ఖాతాల పుస్తకానికి ఎక్కించేవాడు, ఎవరి పద్దు ఎంత అని అడిగితే పేజీ తిప్పి చెప్పేవాడు. ఐదో తరగతి చదివిన మనిషి. ఇప్పుడు మన చేతుల్లో ఫోన్లు ఉన్నాయి, ఆప్‌లు ఉన్నాయి, అయినా ఈ పనిలో ఎంత మిగిలింది అంటే చెప్పలేని కాంట్రాక్టర్లే ఎక్కువ. నేను ఒక్కో పనికి ఒక్కో నోట్‌బుక్ పెడతాను. ఎడమ పేజీ వచ్చింది, కుడి పేజీ పోయింది. మేస్త్రీకి ఇచ్చిన అడ్వాన్సు ఆ రోజే రాస్తాను, శనివారం దాకా ఆగితే ఆయన లెక్క ఒకటి, మా లెక్క ఒకటి అవుతుంది. బిల్లు డబ్బు పడిన రోజే కట్టాల్సిన జీఎస్టీ ఎంతో లెక్క వేసి, దాన్ని ఇంకో అకౌంటుకు మారుస్తాను. ఆ అకౌంటుకు ఏటీఎం కార్డు తీసుకోలేదు. ఇంటి ఖర్చు, పని ఖర్చు ఒకే అకౌంటులోంచి ఎప్పుడూ తీయం. 2023 నుంచి ఈ పద్ధతి తప్పలేదు, 20వ తేదీ టెన్షన్ కూడా మళ్లీ లేదు.

2025 జులైలో బెంగళూరులో చిన్న వ్యాపారులకు యూపీఐ లెక్కలు చూసి జీఎస్టీ నోటీసులు పంపినప్పుడు, ఇక్కడ కూడా కొన్ని కొట్ల ముందు క్యూఆర్ కోడ్ తీసేసి "క్యాష్ ఓన్లీ" అని రాసి పెట్టారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ యూపీఐలో వచ్చిందంతా అమ్మకం కాదు, తమ్ముడు పంపిన డబ్బు ఉంటుంది, చీటీ డబ్బు ఉంటుంది, పాలు కూరగాయల్లాంటి పన్ను లేని సరుకు డబ్బు ఉంటుంది. ఏది ఏదో చూపించడానికి కాగితం ఉంటే నోటీసుకు జవాబు ఒక పేజీ. లేకపోతే వచ్చిందంతా అమ్మకమే కదా అని వాళ్లు అంటారు. కోడ్ తీసేస్తే నోటీసు తప్పుతుందేమో కానీ లెక్క లేకపోవడం తప్పదు, అది ఏదో ఒక రోజు ఇంకో చోట పట్టుకుంటుంది.

కుర్రవాళ్లకు ఒక మాట. విజిటింగ్ కార్డు మీద ప్రైవేట్ లిమిటెడ్ అని ఉంటే బాగుంటుందని కంపెనీ పెట్టేస్తున్నారు. మా తమ్ముడి కొడుకు అలాగే పెట్టాడు, ఏడాది తిరిగేసరికి ఒక్క ఆర్డరూ రాలేదు, పని లేదు కదా అని ఏమీ వేయలేదు. కంపెనీకి రూపాయి అమ్మకం లేకపోయినా ఆడిట్ చేయించాలి, కంపెనీల రిజిస్ట్రారుకు ఏటా లెక్కల ఫారం ఒకటి, వార్షిక రిటర్ను ఒకటి వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100. రెండు ఫారాలు ఏడాది ఆగితే 73,000. వాడికి ఆ సంగతి చెప్పిన రోజు అన్నం తినలేదు. పైగా కంపెనీ అకౌంటులో డబ్బు డైరెక్టరు డబ్బు కాదు, ఇష్టం వచ్చినట్టు ఇంటికి తీసుకుపోవడానికి లేదు. కంపెనీ అయితే మేస్త్రీకి ఇచ్చే డబ్బులో టీడీఎస్ పట్టుకుని తర్వాతి నెల 7వ తేదీకి కట్టాలి, మూడు నెలలకు ఒకసారి దాని రిటర్ను వేయాలి, అది ఆలస్యమైతే రోజుకు 200. పెద్ద ఆర్డర్లు, భాగస్వాములు, బ్యాంకు పెట్టుబడి ఉంటే కంపెనీ పెట్టండి. మొదట్లో సొంత పేరుతో చేసుకుంటే పోయేదేమీ లేదు.

నేను మీ పత్రికను అడిగేది చిన్నది. వారానికి ఒకసారి, తిరుపతి, చిత్తూరు జిల్లా పేజీల్లో అరచేతంత జాగాలో, ఈ వారం ఏ గడువు ఉందో తెలుగులో వేయండి. 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్ ఈఎస్ఐ, 20న 3బి, మూడు నెలలకోసారి వేసేవాళ్లకు 22న 3బి, 44ఏడీ వాళ్లకు మార్చి 15న అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది ముగిసేలోపే కట్టే ఆదాయపు పన్ను). ఆ నెల అమ్మకం ఏమీ లేనివాళ్లు 14409కు ఎస్సెమ్మెస్ పంపి నిల్ రిటర్ను వేయవచ్చని ఎంతమందికి తెలుసు? పంచాంగం, బంగారం ధర, శ్రీవారి దర్శనానికి ఎన్ని గంటలు పడుతోందో రోజూ చూసినట్టే మేం దాన్నీ చూస్తాం. పన్నుల శాఖల వాళ్లను అడిగేది, రద్దు నోటీసు లాంటివైనా యజమాని సొంత ఫోనుకు, తెలుగులో పంపమని. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు నడిపేవాళ్లను అడిగేది, వైరింగు, వెల్డింగు నేర్పే పిల్లలకు ఒక వారం రోజులు బిల్లు రాయడం, జమాఖర్చు వేయడం కూడా నేర్పమని. వాళ్లలో ఎక్కువమంది ఉద్యోగాలకు కాదు, సొంత పనులకే వస్తారు.

మా నోట్‌బుక్కులో ఒక పని తాలూకు రెండు పేజీలు ఫోటో తీసి ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. పేర్లు కొట్టేశాను, అంకెలు అలాగే ఉన్నాయి. జాగా ఉంటే అది కూడా వేయండి. నా పేరు వేయవద్దు.

ఇట్లు
కాంట్రాక్టు లెక్కలు చూసుకునే ఒక పాఠకురాలు
కొర్లగుంట, తిరుపతి